గిర్ర, సడక్, మా బావ పికప్పు

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే మా బావ ఫోన్ చేశాడు. ముందురోజు రాత్రి రిలీజు అయ్యేసరికి మూడు దాటింది. ఇంకా సగం నిద్రలోనే ఉన్నాను.

"ఏం బామ్మర్ది, మంచిగున్నవా? బండికి నాలుగు టైర్లు మార్చాలె. షాపాయన ఆల్ టెరైన్ ఏస్కో అంటుండు. రోడ్డు మీద నడుస్తయి, బురదల నడుస్తయి, ఎన్ని రోజులైనా అరగయంట. నువ్వు ఇంజనీర్‌వి గద, జెర చూసి చెప్పు."

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. టైరుకీ నాకూ ఉన్న సంబంధం పంక్చరైన బైకు తోసుకెళ్ళడం వరకే. కానీ మా వైపు ఇంజనీరంటే ఇంజనీరే. పొలం మోటారు కాలిపోయినా మనకే ఫోను, టీవీలో బొమ్మ రాకపోయినా మనకే ఫోను. (మీ ఇంట్లోనూ ఇంతే అనుకుంటా!) సరే బావా, రెండు రోజులు టైమివ్వు అన్నాను.

బావ వాళ్ళది కోరుట్ల. రెండేళ్ళ క్రితం ఒక సెకండ్ హ్యాండ్ పికప్పు కొన్నాడు. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర బట్ట ఎత్తుకుని, వేములవాడ, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్లకి, అప్పుడప్పుడు జగిత్యాలకి తెస్తాడు. ఎండాకాలం రెండు నెలలు మామిడికాయ. తోటల నుంచి జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్టుకి. కొన్నప్పుడే ఆ బండికి పెద్ద పెద్ద గడ్డలున్న టైర్లు ఉన్నాయి. చూస్తే మిలిటరీ బండిలా ఉండేది. బావ వాటిని చూసే మోజుపడ్డాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ వానాకాలంలో ఒకరోజు సాయంత్రం, కథలాపూర్ దాటాక ఒక బర్రె అడ్డమొచ్చింది. సన్నటి తుంపర. స్పీడు కూడా పెద్దగా లేదట. బ్రేకు తొక్కితే బండి ఆగలేదు, అడ్డంగా జారి రోడ్డు దిగి ఆగింది. బర్రె బతికింది, బావా బతికాడు. పక్క సీట్లో తొమ్మిదేళ్ళ మా మేనల్లుడు ఉన్నాడన్న సంగతి మాత్రం నాకు నెల తర్వాత అక్క చెబితే తెలిసింది. టైర్లు మార్చాలని బావకి అంత తొందరెందుకో అప్పుడు అర్థమైంది.

టైర్ల గురించి చదవడం మొదలుపెట్టి, ఎప్పట్లాగే అసలు పని వదిలేసి చరిత్రలోకి వెళ్ళిపోయాను. వెళ్ళడమే మంచిదైంది. ఎందుకంటే బావ అడిగిన ప్రశ్న కొత్తదేం కాదు. ఏ దారికి ఏ చక్రం అన్న ప్రశ్న మా తాతకీ వచ్చింది, ఆయనకి ముందు తెల్లదొరలకీ వచ్చింది. ప్రతిసారీ జరిగింది ఒక్కటే. చక్రమూ దారీ ఒకేసారి మారవు. ఒకటి మారుతుంది, రెండోది వెనకబడుతుంది. ఆ తేడా భారాన్ని ఎవరో ఒకరు మోస్తారు.

మొదట ఇనుప పట్టా సంగతి. మా దగ్గర చక్రాన్ని గిర్ర అంటారు. కర్రతో కుంభం, ఆకులు, పైన చుట్టూ కాల్చి బిగించిన ఇనుప పట్టా. వడ్లాయన కర్ర పని చేస్తే కమ్మరాయన పట్టా ఎక్కించేవాడు. ఇరుసుకి కందెన. ఈ గిర్ర పుట్టింది సడక్ కోసం కాదు, తొవ్వ లేని చోట్ల కోసం. ఎత్తుగా, సన్నగా ఉంటుంది కాబట్టి బురదని కోసుకుంటూ పోయి కింద గట్టి నేలని అందుకుంటుంది. తుమ్మముళ్ళు దాన్నేం చేయలేవు. ఒక రకంగా మన మొదటి ఆల్ టెరైన్ చక్రం అదే అన్నమాట.

ఇంగ్లండులోనూ బళ్ళకి ఇలాంటి ఇనుప పట్టాలే. 1816లో బ్రిస్టల్ రోడ్లకి సర్వేయరుగా చేరిన జాన్ మెకాడమ్ ఈ ఇనుప పట్టానే ఆసరాగా తీసుకున్నాడు. చిన్న చిన్న కంకర పరిస్తే, పైన నడిచే బళ్ళ బరువుకే రాళ్ళు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి, నలిగిన పొడి సందుల్లో చేరి గట్టిపడుతుంది. అంటే రోడ్డుని తొక్కే చక్రమే రోడ్డుకి రోలరు. చక్రం, దారి ఒకదానికొకటి సరిపోయిన అరుదైన కాలం అది. మన కంకర రోడ్లన్నీ ఆ వంశమే.

తర్వాత రబ్బరు వచ్చింది. చార్లెస్ గుడియర్ 1839లో రబ్బరుని గంధకంతో కాల్చి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. గాలి టైరుకి మొదటి పేటెంటు 1845లో రాబర్ట్ థామ్సన్ తీసుకున్నాడు కానీ ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్ళీ అదే చేశాడు. ఈసారి లోకం సిద్ధంగా ఉంది, సైకిలు వచ్చేసింది. (ముందుగా కట్టిన మాడ్యూలు రిక్వైర్‌మెంట్ లేక మూలనపడి, నలభై ఏళ్ళ తర్వాత ఇంకొకడు రాస్తే హిట్టయినట్టు!)

ఇక్కడే తమాషా. ఇనుప చక్రం బిగించిన మెకాడమ్ రోడ్డుని మెత్తటి రబ్బరు చక్రం పాడుచేయడం మొదలుపెట్టింది. మోటారు కారు వేగానికి టైరు వెనక గాలి, రాళ్ళ సందుల్లోని పొడినంతా పీల్చి లేపేసేది. పొడి పోతే రాళ్ళు ఊడిపోయేవి. ఊళ్ళకి ఊళ్ళు దుమ్ము. ఈ గోల తేల్చడానికే 1908లో పారిస్‌లో మొదటి అంతర్జాతీయ రోడ్డు మహాసభ పెట్టారు. దానికి కొన్నేళ్ళ ముందే ఇంగ్లండులో ఎడ్గర్ హూలీ తారు కలిపిన కంకరకి పేటెంటు తీసుకున్నాడు. ఈరోజు మనం తారు రోడ్డు అంటున్నది గాలి టైరు కోసం మారిన దారి.

అప్పటి టైర్లు ఎక్కువ రోజులు వచ్చేవి కావు. రబ్బరు సహజంగా లేత రంగులో ఉంటుంది, మొదట్లో టైర్లూ తెల్లగానే ఉండేవి. 1910ల్లో అందులో కార్బన్ బ్లాక్, అంటే ఒక రకం మసి, కలపడం మొదలయ్యాక అరుగుదల బాగా తగ్గింది. టైరు నల్లగా ఉండటానికి కారణం ఫ్యాషను కాదు, మన్నిక. ఇంకో పెద్ద మెట్టు 1946లో మిషెలిన్ పేటెంటు చేసిన రేడియల్ టైరు. లోపలి దారాలు అడ్డంగా ఉండి, పైన ఉక్కు పట్టీ ఉంటుంది కాబట్టి నేలని తాకే భాగం నలగదు, తక్కువ అరుగుతుంది. మన లారీలకి మాత్రం రేడియల్ రావడం చాలా ఆలస్యమైంది. ఎగుడుదిగుడు రోడ్లూ, ఓవర్‌లోడూ ఉన్నచోట పాత నైలాను టైరే నయమని ఓనర్లు అనుకునేవాళ్ళు. చూశారా, మళ్ళీ దారి కోసం చక్రం ఆగింది.

ఇక మన దగ్గరికి వద్దాం. నిజాం రాజ్యంలో 1932 జూన్‌లో రైల్వే వాళ్ళ రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. మన ఆర్టీసీకి మూలం అదే. ఆ ఆల్బియన్ బస్సుకి రబ్బరు టైరు, దాని పక్కనే నడిచే ఎడ్లబండికి ఇనుప పట్టా. ఒకే సడక్ మీద రెండు యుగాలు. మధ్యలో నలిగేది సడక్. రెండంగుళాల ఇనుప పట్టా మీద బండెడు బరువు పడితే తారు పొర మీద కత్తి పెట్టినట్టే. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుట్టిన రోజుల్లో రోడ్డింజనీర్ల పెద్ద తలనొప్పుల్లో ఇదొకటి.

దానికి దొరికిన జవాబే డన్లప్ బండి. డన్లప్ కంపెనీ 1936లో బెంగాల్లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఎడ్లబండికి గాలి టైరు అన్న ఆలోచన మన దేశంలో పాకిందీ ఆ కాలంలోనే. పేరు ఎంతగా అతుక్కుందంటే టైరు ఏ కంపెనీదైనా బండి మాత్రం డన్లప్ బండే. సాహాగంజ్ ఫ్యాక్టరీలో 2011లో పని ఆగిపోయింది కానీ పేరు ఇంకా మన నోళ్ళలో నడుస్తోంది.

మా తాతని అడిగితే ఇలా చెప్పాడు. "ఇనుప గిర్రల బండి సడక్ ఎక్కితే చప్పుడు అవతలి ఊరికి ఇనవడేది బిడ్డా. టైర్ల బండి అచ్చినంక ఎడ్లకు సగం బాధ తప్పింది. గని తుమ్మముల్లు గుచ్చుకుంటే ఊర్ల పంచరేసేటోడు ఎవడు లేడు. అందుకే నేను రెండు బండ్లు పెట్టుకున్న. పొలానికి గిర్రల బండి, మార్కెట్కు టైర్ల బండి."

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. బడికెళ్ళని మనిషి యూజ్ కేసుల్ని ఎంత శుభ్రంగా విడదీశాడో చూడండి. ఒకే చక్రం అన్నీ చేస్తుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఐఐఎం బెంగుళూరు మొదటి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి 1970ల్లో ఎడ్లబండి మీద పెద్ద అధ్యయనమే చేశారు. మేనేజిమెంటు ప్రొఫెసరు ఎడ్లబండి గురించి మాట్లాడితే నవ్వినవాళ్ళు ఉన్నారట. కానీ ఆయన లెక్క ప్రకారం దేశంలో అప్పుడు దాదాపు కోటిన్నర బళ్ళు ఉన్నాయి. అంత రవాణాని ఎవరూ బాగుచేయట్లేదు, ఆ భారమంతా ఎడ్ల మెడల మీద కాడి పుండ్లుగా పడుతోంది అన్నది ఆయన బాధ. చక్రానికీ దారికీ మధ్య తేడాని ఎవరో ఒకరు మోస్తారు అన్నాను కదా. అక్కడ మోసింది ఎడ్లు.

ఆ తర్వాత పోచంపాడు. శ్రీరాంసాగర్‌కి 1963లో శంకుస్థాపన జరిగింది. కాకతీయ కాలువ నీళ్ళు రావడంతో జగిత్యాల వైపు వరి పెరిగింది, ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. బురద పొలంలో దమ్ము చేయడానికి ట్రాక్టరుకి ఇనుప కేజీ వీల్స్ తగిలిస్తారు. పొలంలో అవి అద్భుతం. కానీ వాటిని విప్పే ఓపిక లేక అలాగే రోడ్డెక్కిస్తారు. ఏటా నాట్ల సీజన్లో తారు రోడ్డు మీద, సీసీ రోడ్డు మీద వరసగా గాట్లు పడటం మీరూ చూసే ఉంటారు. అధికారుల హెచ్చరికలు, జరిమానాలు ఏటా పేపర్లో వస్తూనే ఉంటాయి. 1930ల్లో ఇనుప పట్టా చేసిన పనినే ఇప్పుడు కేజీ వీల్ చేస్తోంది. ఈసారి మోసేది రోడ్డు, అంటే మనమందరం.

ఇంతకీ ఆల్ టెరైన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? పికప్పుల దేశం అమెరికా నుంచి. అక్కడ వారమంతా హైవే మీద ఆఫీసుకెళ్ళి, శని ఆదివారాలు ఎడారిలో, అడవిలో తిరిగేవాళ్ళ కోసం 1976లో బీఎఫ్ గుడ్‌రిచ్ రేడియల్ ఆల్ టెరైన్ టైరు తెచ్చింది. మెక్సికోలో బాజా ఎడారి రేసులో దాన్ని పరీక్షించారు. గడ్డలు పెద్దవి, మధ్య సందులు వెడల్పు, పక్కగోడలు మందం. రాళ్ళు కోయకుండా, మట్టి పట్టకుండా. మంచి టైరే, అనుమానం లేదు. కాకపోతే బాజా ఎడారికీ, మా రుద్రంగి రోడ్డుకీ పోలిక ఎంత?

ఇక్కడ అసలు కిటుకు చెప్పాలి. నున్నటి రోడ్డు మీద పట్టు వచ్చేది రబ్బరు రోడ్డుని ఎంతమేర తాకుతుంది, ఆ రబ్బరు ఎంత మెత్తన, నీళ్ళని ఎంత బాగా పక్కకి నెడుతుంది అన్నదాన్ని బట్టి. గడ్డల మధ్య సందులు పెరిగితే తాకే రబ్బరు తగ్గుతుంది. ఎక్కువ కిలోమీటర్లు రావాలని రబ్బరుని గట్టిగా చేస్తే తడి రోడ్డు మీద పట్టు తగ్గే ప్రమాదం ఉంది. మన్నిక, తడిలో పట్టు, డీజిలు ఖర్చు - ఈ మూడింట్లో ఒకటి పెంచితే ఇంకోటి తగ్గడం టైరు కంపెనీలకి వందేళ్ళుగా ఉన్న తలనొప్పి. కొత్త రకం సిలికా రబ్బర్లతో ఆ తేడా తగ్గింది గానీ మాయమవలేదు. మనకి తెలిసిన మాటలో చెప్పాలంటే ట్రేడ్ ఆఫ్.

బావని రెండు పనులు చేయమన్నాను. ఒకటి, పాత టైర్ల పక్కగోడ మీద చివర ఉండే నాలుగంకెలు చదవమన్నాను. "1816" అన్నాడు. అంటే 2016లో 18వ వారంలో తయారైన టైరు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలయ్యాయి. ఆ టైర్లు జిల్లా కంటే పెద్దవన్నమాట! గడ్డలు ఇంకా వేలి మందం ఉన్నాయి, అందుకే బావకి అనుమానం రాలేదు. కానీ రబ్బరు అరగకుండా కూడా ముసలిదవుతుంది. ఎండకి, గాలికి గట్టిపడి సన్నగా పగుళ్ళు వస్తాయి. ఐదేళ్ళు దాటితే ఏటా చూపించుకోమనీ, పదేళ్ళయితే అరగకపోయినా తీసేయమనీ చాలా కంపెనీలే చెబుతాయి. ఎక్కువ రోజులు వచ్చిన టైరని బావ మురిసిపోయాడు. నిజానికి అది ఉండాల్సినదానికంటే ఎక్కువ రోజులు ఉన్న టైరు.

రెండోది, పదిహేను రోజులు ఎక్కడెక్కడ తిరిగాడో రాసిపెట్టమన్నాను. మా మేనల్లుడు నోటుబుక్కులో గీతలు కొట్టి మరీ రాశాడు. మొత్తం 1,260 కిలోమీటర్లు. అందులో మట్టి తొవ్వ 29. అంటే నూటికి రెండు పైచిలుకు. జగిత్యాల - కోరుట్ల జాతీయ రహదారి, సిరిసిల్ల దాకా తారు, ఊళ్ళలో సీసీ. మామిడి సీజన్లో మట్టి పెరుగుతుంది, నిజమే, కానీ అది ఎండిన మట్టి, బురద కాదు.

ఇక ఎక్సెల్ తీశాను (మన వ్యసనం). ధరలు, మైలేజీ నేను సులువు కోసం అనుకున్నవి, మీరు మీవి వేసి చూసుకోండి. మామూలు రోడ్డు టైర్లు నాలుగు 28,000 రూపాయలు, 60,000 కిలోమీటర్లు వస్తాయి అనుకుందాం. ఆల్ టెరైన్ నాలుగు 36,000, 80,000 కిలోమీటర్లు. ఆ 80,000 కిలోమీటర్లకి టైర్ల మీద ఆల్ టెరైన్ మిగిల్చేది సుమారు 1,300 రూపాయలు. ఇప్పుడు డీజిలు. బండి లీటరుకి 14 ఇస్తుంది, బరువైన గడ్డల టైర్ల వల్ల ఐదు శాతం తగ్గి 13.3 ఇచ్చింది అనుకుంటే, అదే దూరానికి 300 లీటర్లు ఎక్కువ. లీటరు 95 చొప్పున 28,500 రూపాయలు. పోనీ ఒక్క శాతమే తగ్గిందనుకున్నా దాదాపు 5,500. పదమూడు వందలు మిగుల్చుకోవడానికి ఇంత! ఇక తడి రోడ్డు మీద ఆగే దూరానికి ఎక్సెల్లో గడి ఎక్కడుంది? పక్క సీట్లో పిల్లవాడికి గడి ఎక్కడుంది?

బావకి ఇదంతా చెబితే కాసేపు ఆగి, "గట్లయితే బండి చిన్నగ కనవడతది గద బామ్మర్ది" అన్నాడు. అసలు రిక్వైర్‌మెంట్ అప్పుడు బయటపడింది :) నాకేం నవ్వు రాలేదు. రోజుకి నలుగురు వాడే వెబ్‌సైటుకి కోటిమంది వచ్చినా తట్టుకునే ఆర్కిటెక్చర్ గీసిన చేతులు ఇవి. నూటికి రెండుసార్లు వచ్చే కేసు కోసం మిగతా తొంభై ఎనిమిదిసార్లు ఖర్చు పెట్టడం మన ఇండస్ట్రీకి తెలియని విద్య కాదు.

అలాగని ఆల్ టెరైన్ అందరికీ వద్దనడం నా ఉద్దేశం కాదు. రోజూ గుట్టల్లోకి, క్వారీల్లోకి, కంకర తొవ్వల్లోకి పోయే బండికి అదే సరైనది. అక్కడ రోడ్డు టైరు పక్కగోడ ఒక్క రాయికి చీలిపోతుంది. అప్పుడు మోసేది మళ్ళీ డ్రైవరే. మొదట నోటుబుక్కు, తర్వాత టైరు, అంతే.

చివరికి రోడ్డు పట్టీల డిజైనున్న, లోడుకి సరిపడే పికప్పు టైర్లు వేయించాడు. లోడ్ ఇండెక్స్ బండి పుస్తకంలో ఉన్నదానికి తగ్గకుండా, తయారైన వారం చూసి మరీ. ఎన్ని కిలోమీటర్లు వస్తాయన్న షాపు మాట పక్కనపెట్టి, మన చేతిలో ఉన్నవి మొదలుపెట్టాడు. పదిహేను రోజులకోసారి చల్లగా ఉన్నప్పుడు గాలి చూడటం, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి మార్చడం, అలైన్‌మెంటు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే చట్టం ప్రకారమే తీసేయాలి. అంతదాకా ఆగకుండా వానాకాలం ముందే మార్చమన్నాను. మన్నిక టైరులో సగం ఉంటే మిగతా సగం ఈ అలవాట్లలో ఉంది.

పోయిన ఆదివారం ఊరెళ్ళినప్పుడు కావాలని కథలాపూర్ దాకా ఆ బండిలో వెళ్ళొచ్చాను. వాన పడుతోంది. బావ ఒకచోట ఖాళీ రోడ్డు చూసి బ్రేకు తొక్కి చూపించాడు. బండి నిటారుగా ఆగింది. వెనక నుంచి మా మేనల్లుడు "మల్లోసారి, మల్లోసారి" అని అరిచాడు. బావ మళ్ళీ తొక్కలేదు. ఏమీ మాట్లాడకుండా కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

పాత టైర్లు ఏమయ్యాయి అంటారా? పక్క ఊరి రైతు ఒకాయన తన ఎడ్లబండికి తీసుకున్నాడు. రోజుకి రెండు కిలోమీటర్లు, ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి ఇంటికి, ఎడ్ల నడక వేగంతో. అంతా బురదే.